గుండు పడమటికి, గురుస్వామి తూర్పుకి

అంకాలమ్మ టీ దుకాణం ముందర బల్ల మీద ఆ పొద్దు ఒక అర్జీ కాగితం, వేలిముద్రల సిరా డబ్బీ ఒకటి పెట్టుకొని ముగ్గురు మగవాళ్ళు కూర్చున్నారు. కాగితం రాసింది మిషన్ బడి అయ్యవారు గిద్యోను. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం అది. శనక్కాయ పెరికేదానికి ఇంకా ఇరవై దినాలు ఉంది, ఈలోపల అడవి పందులు లింగయ్య చేన్లో అరెకరం కుళ్ళబొడిచి పోయినాయి. పంట కాపాడుకునేదానికి ఊరికి ఒక తుపాకి ఇప్పించమని మార్కాపురం కచేరికి ఆ అర్జీ. అంతా రాసి ఉంది. తుపాకి పట్టేవాని పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

అడవిని ఆనుకొని ఉండే చేను లింగయ్యదే కాబట్టి, పేరు లింగయ్య చెప్పి వేలిముద్ర వేయాల, ఊరంతటికీ ఆ ఒక్క వేలే చాలు అని పెద్దలు తీర్మానం చేసినారు. అయ్యవారు పదింటి రైలుకు గిద్దలూరులో ఉండాల. ఈ తడవ తప్పితే కచేరి మళ్ళీ అర్జీలు చూసేది మూడు నెలలకు. అప్పటికి చేన్లో పందులుంటాయి, శనక్కాయ ఉండదు.

ఊర్లో తుపాకి ముట్టినవాడు గురుస్వామి ఒక్కడే. దిగువమెట్ట అడవికి వేటకొచ్చే దొర దగ్గర రెండేండ్లు సామాన్లు మోసినాడు. లింగయ్యకు ఆయన మీద కోపం ఉంది. నాలుగేండ్ల కిందట ఒక పెండ్లి పందిట్లో, లింగయ్య ఎద్దుమీద నుంచి పేడలో పడినాడని అరవైమంది ముందర చెప్పి నవ్వించినాడు. పడిన మాట నిజమే. పేడలో కాదు, పేడ పక్కన. ఆ తేడా లింగయ్య ఈ పొద్దుటికీ మరవలేదు. అయినా కోపం కోపమే, చేను చేనే అనుకొని వచ్చి కూర్చున్నాడు.

"ఒక్క మాట చెప్పు మామా," అన్నాడు. "తుపాకి పేలితే వెనక్కి తంతుందంట గదా. ఆ తన్నుకు నువ్వు నిలబడతావా? నిలబడతానంటే చెప్పు, వేలు వేస్తా."

'నిలబడతా' అంటే సరిపోయేది. గురుస్వామి టీగ్లాసు కింద పెట్టి, పైగుడ్డ భుజం మార్చుకున్నాడు. అట్ల భుజం మార్చుకున్నాడంటే మాట ఇప్పట్లో తెమలదని ఊరికంతా తెలుసు.

"తన్నుడా! మంచి మనిషినే అడిగినావు అల్లుడా. మామూలు తుపాకి తన్నుడు ఒక తన్నుడేనా, మేకపిల్ల కుమ్మినట్ల ఉంటుంది. దొర దగ్గర అమెరికా నుంచి తెప్పించిన పిస్తోలు ఒకటుండె, ఆరు గుండ్లది. మాగ్నం అంటారు దాన్ని. దొర ఆరడుగుల మనిషి. పేల్చినాడు, పేల్చి కూలబడినాడు, టోపీ ఒక పక్క, దొర ఒక పక్క. లేచి దుమ్ము దులుపుకొని నా దిక్కు చూసి, గురుస్వామీ, ఇది నా వల్ల కాదు నువ్వు పట్టు అన్నాడు. పట్టినా. ముప్పై గజాల్లో మద్దిచెట్టు, దానికి అరచెయ్యంత సున్నం బొట్టు. కొట్టినా. బొట్టు లేదు. నేను మాత్రం ఉన్నచోటనే ఉండా. ఒక్క జానెడు వెనక్కి జరిగినా, అది గూడా నేల మెత్తన కాబట్టి."

లింగయ్య తల ఊపినాడు. జానెడంటే బాగానే ఉంది. మనిషి గట్టివాడే. సిరా డబ్బీ దగ్గరికి లాక్కొని, "చాలు మామా, అంతే నేను అడిగింది," అన్నాడు.

"చాలేంది? ఇంకా రెండో గుండు ఉంది గదా!"

"అన్నా, వేలు వేస్తాననె గదా, వేయనీ," అనింది అంకాలమ్మ పొయ్యి దగ్గర నుంచి.

గురుస్వామికి వినపడలేదు. "రెండోది పేల్చినప్పుడు నా మడమలు రెండూ నేలలో దిగబడి, చాళ్ళు తోలినట్ల రెండు చాళ్ళు పడినాయి, ఇక్కడి నుంచి ఆ చింతచెట్టు దాకా. ఆ చాళ్ళు ఊరికే పోనీయడం ఎందుకని దొర వంటాయన కొత్తిమీర చల్లినాడు. మూడు వారాలు క్యాంపంతా ఆ కొత్తిమీరే."

లింగయ్య చెయ్యి డబ్బీ మూత మీదనే ఆగిపోయింది. "జానెడంటివి గదా?"

"జానెడు మొదటి గుండుకు. ఇది రెండోది."

"పిస్తోలు అదే గదా? గుండ్లు గూడా అవే గదా?"

"అవే. అయితే ఏంది?"

అయితే ఏందో లింగయ్యకు గూడా చెప్పను రాలేదు. ఎక్కడో తేడా ఉంది. తేడా ఉంటే ఆయనకు నిద్ర పట్టదు. బల్ల మీద పడివున్న శనక్కాయ పొట్టు ఒకటి తీసి ఒక పక్క పెట్టినాడు, గుర్తుకు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" గురుస్వామి ముందుకు ఒంగినాడు. "పడమటి దిక్కున పొదలో చిరుత! దొర చెట్టెక్కినాడు. నేను ఒంటిచేత్తో, ఎడమచేత్తో అనుకో, కుడిచేతిలో దొరగారి టిఫిను క్యారేజీ ఉండె, పడమటికి తిరిగి కొట్టినా. గుండు పడమటికి పోయింది, నేను తూర్పుకి పోయినా. గాల్లో! కాళ్ళు నేలకు తగిలితే ఒట్టు. దిగువమెట్ట స్టేషను దాటినా, నంద్యాల నుంచి వచ్చే రైలు పోతావుంది, దాన్ని గూడా దాటినా. ముఖం పడమటికి ఉంది గదా నాకు, ఇంజను నన్ను తరుముతున్నట్ల కనపడతావుంది, డ్రైవరు పక్కకు తొలగమని ఒకటే కూతలు. గిద్దలూరు ప్లాటుఫారం మీద దిగితే స్టేషను మాస్టరు టికెట్టు చూపించమన్నాడు. నేను రైలెక్కితే గదా, అన్నా. క్యారేజీలో రసం తొణకలేదు!"

అయ్యవారు పొద్దు దిక్కు చూసినాడు. "గురుస్వామీ, పదింటి రైలు..."

"ఉండు అయ్యవారూ," అన్నాడు లింగయ్య. ఇంకో రెండు పొట్లు తీసి, ఒకటి దిగువమెట్ట, ఒకటి గిద్దలూరు అని పెట్టినాడు. పడమట ఒక గింజ పెట్టి చిరుత అన్నాడు. "మళ్ళీ దిగువమెట్టకు ఎట్ల పోయినావు?"

"తెలివిగల ప్రశ్న! తూర్పుకి తిరిగి, కంభం దిక్కుకు కొట్టినా. గుండు కంభానికి, నేను దిగువమెట్టకి. ఆ దెబ్బకే చిరుత చచ్చింది."

"చిరుత పడమట గదా ఉంది? నువ్వు తూర్పుకు గదా కొట్టినావు?"

"నన్ను వెంటాడుతూ గిద్దలూరుకు వచ్చింది."

"రైలు వెనకనా?"

"రైలు ముందర."

లింగయ్య చిరుత గింజను తీసి గిద్దలూరు అవతల పెట్టినాడు. మళ్ళీ తీసినాడు. రైలుకు ఒక పొట్టు కావలసి వచ్చింది. ఈలోపల గురుస్వామి దిగువమెట్ట దాటి నంద్యాల దాకా పోయినాడు, తన్ను కొంచెం ఎక్కువైందంట. నంద్యాల నుంచి తిరిగి వచ్చేదానికి సగం మందు గుండు వాడినాడు, అది గాల్లో నడిమధ్య చాలక పోతే అక్కడే ఇంకోటి పేల్చినాడు. అంకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బల్ల మీద పొట్లన్నీ కలిసిపోయినాయి. ఏది నంద్యాలో, ఏది రైలో, లింగయ్యకు తెలీలేదు. ఆయన తల చేత్తో పట్టుకున్నాడు. అబద్ధం అనేందుకు లేదు, ఆడికీ ఈడికీ లెక్క గూడా కుదరదు. ఎదుటి మనిషి దొర దగ్గర పని చేసినవాడు, తానేమో అడవి దాటి ఎరగడు.

లింగయ్య సిరా డబ్బీని నిదానంగా అవతలికి నెట్టేసినాడు.

"ఏంది అల్లుడా?"

"నువ్వు వద్దు మామా."

"నమ్మవా నన్ను?"

"నమ్మినా. నమ్మినాను కాబట్టే చెప్తావుండా. నా చేనుకు అడవి పడమట. పందులు పడమట నుంచే వస్తాయి. నువ్వు పడమటికి కొడతావు. తూర్పుకి పోయి కంభం చెరువులో పడతావు. తుపాకి గూడా నీతోనే పోతుంది. ఒక పంది చస్తుంది, సరే. వెనక పదకొండు ఉండాయి. వాటికి ఎవరు? సర్కారు తుపాకి చెరువులో మునిగితే కచేరికి ఎవరు జవాబు చెప్పాల, నేనా?"

ఊర్లో ఇంతవరకు గురుస్వామి మాట నమ్మనివాళ్ళు ఉన్నారు, నవ్వినవాళ్ళు ఉన్నారు. నమ్మి వద్దన్నవాడు లేడు.

"చెరువు దాకా పోను అల్లుడా. అంత దూరం... గిద్దలూరు దాకా."

"అక్కడి నుంచి నడిచి వచ్చేసరికి పందులు తినిపోతాయి."

"నీ చేను గట్టు దాకా అనుకో."

"గట్టు మీద గొర్రెలకాపరి నాగులు మంద కట్టేసి ఉంటాడు. గొర్రెల మీద పడతావు."

"సరే, చాళ్ళు. రెండు చాళ్ళు."

"నా శనక్కాయలోనా?" లింగయ్య లేచినాడు. "పందులు కుళ్ళబొడిచింది చాలక నువ్వు మడమలతో దున్నుతావా?"

"జానెడు! జానెడే, సామీ!"

"ఇందాక జానెడు, చాళ్ళు, రైలు. ఏది నిజం మామా? నాకు తల తిరుగుతావుంది. ఒక్కటి చెప్పు."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతావున్నాయి. గురుస్వామి పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మాట్లాడిన గొంతు ఆయనది కానట్ల ఉంది.

"దొర కూలబడలా. కూలబడింది నేను. మొదటిసారి కోడిని పట్టినట్ల వదులుగా పట్టుకున్నా. అది పైకెగిరి నొసట కొట్టింది. దొర నవ్వి, రెండు చేతుల్తో పట్టుకోమన్నాడు. మణికట్లు బిగించు, మోచేతులు కొంచెం సడలించు, ఒక కాలు ముందరికేసి ఒంగు. పేలినాక పైకి లేస్తుంది, లేవనీ, దాంతో కొట్లాడొద్దు. లేచి దిగినాకే రెండోది కొట్టు అన్నాడు. అట్లనే చేసినా. చెట్టుకు తగలలా. అయితే పడలా. నిలబడినా."

లింగయ్యకు ఆ పొద్దు మొదటిసారి ఒక మాట మొదలు నుంచి చివరి దాకా అర్థమైంది. రెండు చేతులూ తనకు తెలీకుండానే ముందరికి చాచి, మణికట్లు బిగించి చూసుకున్నాడు. పారతో గట్టి నేల తవ్వేటప్పుడు గూడా అంతే గదా. చెయ్యి కొయ్యలాగ పెడితే దెబ్బ భుజానికి ఎక్కుతుంది. సడలిస్తే పోతుంది.

"ఇది నిజం," అన్నాడు. "బాగా చెప్పినావు మామా." డబ్బీ తెరిచి బొటనవేలు అద్దినాడు. అయ్యవారు కలం తీసి ఖాళీ మీద పెట్టినాడు. అంకాలమ్మ గురుస్వామి దిక్కు చూసి, జాలిగా, "పాపం, నొసలు చానా నొచ్చిందేమో అన్నా," అనింది.

ఆ జాలి గురుస్వామి ఓర్చుకోలేకపోయినాడు. పందులని తట్టుకోవచ్చు, మాగ్నం తట్టుకోవచ్చు. ఆయన పైగుడ్డ ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది.

"నొప్పేంది అంకాలమ్మా! నొసట తగిలిన పిస్తోలే రెండు వక్కలైంది గానీ, నా తలకేం కాలా. ఆ వక్కలు రెండు చేతుల్లో పట్టుకొని ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి పేల్చినా. రెండు తన్నులూ సరిసమానం, నేను ఎటూ పోలా, నిట్టనిలువుగా పైకి..."

కలం అట్లనే ఆగింది. సిరా అంటిన లింగయ్య వేలు కాగితానికి అంగుళం ఎడంలో ఆగింది. ఆయన గురుస్వామిని చూసినాడు, కాగితాన్ని చూసినాడు, తన చేతులు చూసుకున్నాడు.

"అయ్యవారూ, పేరు రాయి," అన్నాడు. "చేవూరి లింగయ్య అని."

"నువ్వా? నువ్వు తుపాకి ముట్టనే లేదే!" అని అరిచినాడు గురుస్వామి.

"ముట్టలా. పట్టుకునేది ఎట్లనో నువ్వే చెప్పినావు గదా, మామా. అందులో ఒక్క మాట గూడా పొల్లు లేదు." అయ్యవారు పేరు రాయగానే లింగయ్య వేలు గట్టిగా వేసి, ఆయన చేతికి కాగితం ఇచ్చి, రెండు చేతులూ ముందరికి చాచుకొని, మోచేతులు సడలించి, ఒక కాలు ముందరికేసి చూసుకుంటూ చేను దోవ పట్టినాడు.

అయ్యవారు రైలుకు పరుగెత్తినాడు. గురుస్వామి ఖాళీ బల్ల ముందర కూర్చొని, "మబ్బు దాకా పోయినా అంకాలమ్మా, ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు.

అంకాలమ్మ పొట్లు చీపురుతో ఊడ్చేస్తూ, "దిగినాక చెబుదువులే అన్నా, అప్పుడు టీ పోస్తా," అనింది.