అంత ఎత్తున వంతెన

“లేదు లేదు, నువ్వే రావాలి. ఇంకెవరొచ్చినా ఒప్పుకోను.”

“అన్నయ్యా, నా మాట విను. సభలు పెట్టడానికి వేరే మనుషులున్నారు. వాళ్ళ పనే అది.”

రోడ్ల శాఖ ప్రణాళిక విభాగంలో ఆమె గది. భోజనాల వేళ. ఉత్తరపు కొండల్లోని సొంతూరి నుంచి బస్సులు మారి మారి వచ్చిన అన్న, కోటు కూడా విప్పకుండా ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

“వాళ్ళెవరో మాకేం తెలుసు? మెడలో కార్డులు వేసుకుని దిగుతారు, మైకు పట్టుకుంటారు, పోతారు. నువ్వైతే మన ఊరి పిల్లవి. నువ్వు లేచి నిలబడి ‘వంతెన వస్తోంది, దానికి భూమి ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి’ అన్నావనుకో, ముసలీ ముతకా అందరూ రెండేసి చేతులెత్తుతారు.”

“ఒక చెయ్యి చాలు.”

“అదిగో, నవ్వావు. వస్తున్నావు కదా?”

“నవ్వలేదు. టీ తాగు, చల్లారిపోతోంది.”

“టీ ఎక్కడికి పోతుంది? మొన్న కబురు తెలిసినప్పుడు చూడాల్సింది మన ఊరిని. పడవ నడిపే ముసలాయన ‘నా పొట్ట కొట్టారు కదరా’ అని తిడుతూనే అందరికంటే ముందు గంతులేశాడు. టీచరమ్మ అయితే ఏడ్చేసింది. మంచు కరిగే రోజుల్లో అవతలి ఒడ్డు పిల్లలు నది దాటలేక ఏటా బడి మానేస్తారు కదా, ఇంక మానరని.”

“ఇంకా ఆవిడేనా?”

“ఆవిడే. ప్రతి క్లాసులో నీ గురించే పాట. మీరూ అలా చదవండర్రా, రోడ్లు గీసే ఆఫీసులో కూర్చోండి అని.”

“అమ్మ ఎలా ఉంది?”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు. అమ్మని ఇక్కడికి పంపించెయ్. ఈ నెల్లోనే.”

“ఎందుకూ?”

“ఎందుకేంటి? మోకాళ్ళ నొప్పులు, ఆ చలి... ఇక్కడైతే ఆసుపత్రి పక్కనే.”

“ఇన్నేళ్ళు గుర్తురాని మోకాళ్ళు ఇప్పుడు గుర్తొచ్చాయా తల్లీ?”

“అది కాదు. ఇల్లు కూడా పాతబడిపోయింది కదా. పైకప్పు మార్పిస్తానన్నావు, మార్పించకు. కట్టుకుంటే పైన, కొండ మీద ఎక్కడైనా కట్టుకో.”

“ఊరికి మంచిరోజులొచ్చాయని ఒక పక్క అందరూ సున్నాలు కొట్టించుకుంటుంటే, నువ్వేంటే ఇల్లు వదిలెయ్యమంటావు?”

“సున్నాలు కొట్టిస్తున్నారా?”

“మరి! పెద్దసార్లు వస్తున్నారు కదా సభకి.”

అటెండరు తలుపు తోసి తల లోపలికి పెట్టాడు. “మేడం, లోపలికి రావచ్చా? డైరెక్టరుగారు అడుగుతున్నారు. ఉత్తరపు సభకి మీ పేరు రాసెయ్యమంటారా అని.”

“వద్దను. ఒంట్లో బాగాలేదను.”

“రాసెయ్యమనవయ్యా అటెండరూ! నేను వాళ్ళన్నయ్యని చెబుతున్నాను. రాసెయ్యమను.”

“నువ్వు వెళ్ళు. నేనే వచ్చి మాట్లాడతానని చెప్పు.”

“అలాగే మేడం.”

“ఒంట్లో బాగానే ఉందిగా?”

“బాగానే ఉంది.”

“మరెందుకలా నీళ్ళు నములుతావు? ఈ ఆఫీసు మెట్లెక్కీ దిగీ నా జుట్టు నెరిసింది. జనాభా లేదన్నారు. బండ్లు తిరగవన్నారు. వంతెన లేకుండా బండ్లెలా తిరుగుతాయండీ అంటే, బండ్లు తిరగని చోట వంతెనెందుకయ్యా అన్నారు. ఆ మాటన్నది నీకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాడే. ఇప్పుడు ఉన్నట్టుండి నిధులు ఊడిపడ్డాయి. ఎక్కణ్ణుంచి అని నేను అడిగానా?”

“అడక్కపోవడమే మంచిది.”

“అడిగితే?”

“నీ బస్సు ఎన్నింటికి?”

“అడిగితే ఏం చెబుతావు?”

ఆమె లేచి తలుపు వేసి వచ్చింది.

“ఆ గోడ మీద మ్యాపు చూడు. ఎర్రగీత వంతెన.”

“వస్తూనే చూశాను. నది పక్కన దిగకుండా కొండ మీంచి కొండ మీదకి పోతోంది. మన ఊరి నెత్తి మీద. అంత ఎత్తున ఎందుకని మావాళ్ళూ అడిగారు. మంచు పడినా దారి ఆగకుండా అని చెప్పాను.”

“మంచు కోసం కాదు.”

“మరి?”

“నీళ్ళ కోసం. దిగువన ఆనకట్ట కట్టబోతున్నారు. నిధులిచ్చేది కరెంటు కంపెనీ. వాళ్ళ లారీలు తిరగడానికి ఈ రోడ్డూ వంతెనా కావాలి. కట్టడం అయ్యాక లోయంతా నీళ్ళు నిలబెడతారు. మన ఊరు, బడి, ఇళ్ళు, అన్నీ అడుగున. వంతెన ఒక్కటే పైన ఉంటుంది.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? నేను చెప్పింది అర్థమైందా నీకు?”

“ఊళ్ళోవాళ్ళకి ఎప్పుడు చెబుతారు?”

“వంతెన పూర్తయ్యాక. ముందే తెలిస్తే కొండ మీది భూమి ఇవ్వరు కదా. సభలో చేతులెత్తి ఇచ్చేశాక ఇంక వెనక్కి లేదు. తర్వాత ఎక్కడో బీడు నేల మీద రేకుల షెడ్లు చూపిస్తారు. ఇదంతా గీసింది నేనే అన్నయ్యా. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత కూడా నేనే గీశాను. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. కానీ టీచరమ్మ మొహం చూస్తూ చేతులెత్తండి అనలేను. నా వల్ల కాదు. నువ్వు వెళ్ళి అందరికీ చెప్పెయ్. నా పేరే చెప్పు. పోతే పోయింది ఉద్యోగం.”

“కూర్చో.”

“చెబుతావు కదా?”

“కూర్చోవే ముందు. ఆ గొంతేంటి, బయటికి వినబడేలా!”

“అన్నయ్యా...”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఆనకట్ట సంగతి. పోయిన వేసవిలో సర్వేవాళ్ళు మనింట్లోనే దిగారు. రెండు గుక్కలు పడ్డాక వాళ్ళే చెప్పేశారు.”

“తెలిసే... తెలిసే సున్నాలు కొట్టిస్తున్నావా ఊరిచేత? ఎంతిచ్చారు నీకు?”

“దమ్మిడీ ఇవ్వలేదు. ఇస్తామన్నా ముట్టను.”

“మరెందుకు? పిచ్చా నీకు?”

“నాన్న ఎలా పోయాడే?”

“ఇప్పుడు అదెందుకు?”

“చెప్పు.”

“నది పొంగింది. పడవ వెయ్యడానికి వీల్లేక ఆసుపత్రికి చేర్చలేకపోయాం. అందుకే కదా నేను ఈ చదువు చదివింది!”

“నది పొంగలేదు.”

“ఏంటి?”

“నువ్వు పసిదానివి. నీకలా చెప్పాం. నది మామూలుగానే ఉంది. ఒడ్డున పడవలున్నాయి, తెడ్లున్నాయి, మగాళ్ళున్నారు. అమ్మ ఒక్కొక్కడి కాళ్ళూ పట్టుకుంది. ఎక్కణ్ణుంచో వచ్చి ఇక్కడ తిష్ట వేసినవాడి కోసం పడవ తియ్యాలా అన్నారు. పెద్ద పడవ మీ టీచరమ్మ మొగుడిది. ఆవిడ తలుపు కూడా తియ్యలేదు. నాన్నని ఆ ఇసకలోనే పడుకోబెట్టుకుని కూర్చున్నాం, ఊపిరి ఆగేదాకా.”

“అబద్ధం.”

“అబద్ధమైతే బాగుండేది.”

“మరి ఇన్నేళ్ళూ వంతెన కావాలని తిరిగావు కదా వాళ్ళ కోసం?”

“తిరిగాను. దానికి నాన్న పేరు పెట్టించాలనుకున్నాను. దాటిన ప్రతిసారీ వాళ్ళ నోటితో ఆ పేరు అనాలని. ఈ నీళ్ళ సంగతి తెలిశాక ఆ కోరిక కూడా పోయింది.”

“అక్కడ పిల్లలున్నారు అన్నయ్యా! అప్పటికి పుట్టనివాళ్ళు. వాళ్ళేం చేశారు?”

“ఏమీ చెయ్యలేదు. మనమూ పిల్లలమే అప్పుడు.”

“నేను అమ్మకి ఫోన్ చేస్తాను. ఇప్పుడే చేస్తాను. ఆవిడకి తెలిస్తే నిన్ను గుమ్మం తొక్కనివ్వదు. ఎదురింట్లో జ్వరమొస్తే కషాయం కాచి పట్టుకెళ్ళే మనిషి. ఊరి పిల్లలందరికీ ఆవిడే స్వెట్టర్లు అల్లుతుంది.”

“చెయ్.”

“చేస్తాను. నీ గురించి అంతా చెబుతాను.”

“చెయ్యమంటున్నానుగా. కానీ ఈ వేళప్పుడు ఇంట్లో ఉండదు. గడప గడపకీ తిరిగి అందర్నీ సభకి పిలుస్తోంది. నిన్ను తీసుకురమ్మని నన్ను పంపింది కూడా ఆవిడే. ‘ఆ చేతులు నా కూతురే ఎత్తించాలిరా’ అంది. ‘నీళ్ళొచ్చే రోజున నన్ను తీసుకెళ్ళి ఆ వంతెన మీద కూర్చోబెట్టు, ఎవరిల్లు ముందు మునుగుతుందో చూస్తాను’ అంది.”