ఏడు నెలల పిల్ల

2012 వానాకాలం. కామారెడ్డిలో బీడీలు చుట్టే భూదవ్వ ఇల్లు. బిడ్డ రమ్య ఎల్లారెడ్డి నుంచి అప్పుడే వచ్చింది.

“...గంటసేపైంది చూడవట్టి. బస్సు బోల్తా వడ్డదా, వాగు పొంగిందా అని ఒకటే పాణం కొట్టుకునుడు.”

“టైరు పంక్చరైందమ్మా. అంతే.”

“అంతేనా? టైరు పోతె బస్సు ఆగుతదా, గుంతల వడుతదా?”

“ఆగింది. నేను ముంగటనే కూసున్న కదా, చూసిన.”

“ముంగటెందుకు కూసున్నవే? గుద్దితె ముందుగాల తాకేది ముంగటోళ్లకే!”

“అమ్మా! చాయ్ పొయ్యి.”

“పోస్త. మొఖం గట్ల వాడిపోయిందేంది? జరమా? ఆ ఎల్లారెడ్డి దోమలు...”

“జరం లేదు గిరం లేదు. నా పనే చెడ్డది. సోమారం హైదరాబాదుల నా పని చూసే సారుకు కాగితాలు చూపియ్యాలె. చూస్తె బందు వెట్టుమంటడు.”

“ఎందుకు బందు?”

“బీడీ తంబాకు దుమ్ము కడుపుల పిల్ల మెదడును ఏం జేస్తదో చూద్దామని కదా పోయింది? కడుపుతోని ఉన్న ఆడోళ్లను నూటిరవై మందిని అడిగిన. ఒక్కలంటె ఒక్కలు చుట్టుతలేరట. అందరిండ్లల్ల అత్తలే చుట్టుతరట.”

“మంచిదే కదనే! హైదరాబాదు పోయి మళ్ల ఆ ఎలుకల మెదడ్లే చూస్కో. నీడపట్టున ఉంటవ్.”

“ఎలుకల కాడ ఉన్నప్పుడు ఎలుక కరుస్తదని ఏడ్చింది నువ్వు కాదా?”

“ఎలుకలు బోనుల ఉంటయి. ఊర్లల్ల కుక్కలకు బోనున్నదా?”

“ఆరేండ్లు ఎలుకలనే చూసినమ్మా. అండ్ల తెలిసింది ఇప్పుడు తల్లుల కాడ చూడాలె. అసలు ఈ చదువుల ఎందుకు వడ్డనో నీకెర్కలేదా? బడిల అందరు ‘ఏడు నెలల పిల్ల, ఏడు నెలల పిల్ల’ అని ఎక్కిరిచ్చెటోళ్లు. గసొంటి పిల్లల మెదడు ఎట్ల పెరుగుతదో చూడాలని అప్పుడే అనుకున్న.”

“...చాయ్‌ల అల్లమెయ్యాల్నా?”

“వెయ్యి. ఒక ముసలామె ఉన్నదమ్మా, రెండు కండ్లకు మోతెబిందు. కోడలికి ఆరో నెల. ఆ ముసలామె రోజుకు వెయ్యి బీడీలట!”

“హిహి! కండ్లు కనవడకుంట వెయ్యా? నాకు ఏడువందలకే నడుమిరుగుతది!”

“ఎందుకు నవ్వుతున్నవ్?”

“ఏం లేదు. పాలు పొంగుతున్నయ్.”

“పొయ్యే ముట్టియ్యలే నువ్వు. చెప్పు.”

“ఏం చెప్పాలె? బీడీల కంపెనీ ఇచ్చే కార్డు అత్త పేరు మీదుంటది, చుట్టేది కోడలు. నువ్వు కాగితాలు వట్టుకొని పోతె దవాఖాన నుంచి తిట్టనీకి వచ్చినవనుకుంటరు. నోటినడుగుతె చెప్తరా? వేలు చూడాలె.”

“ఏ వేలు?”

“చూపుడువేలు. బీడీ మూతి మలిచి మలిచి కొస నల్లవడి కాయ కాస్తది. సబ్బుకు పోదు. అత్త వేలు చూడు, కోడలి వేలు చూడు. ఎవలు చుట్టుతున్నరో ఎర్కయితది.”

“అమ్మా! రేపే పోత ఎల్లారెడ్డి. సోమారం లోపల ఇరవై మంది వేళ్లు చూసినా చాలు.”

“చూసినవా నా నోరు! ఊకుంటె హైదరాబాదు పోయెటిదానివి.”

“ఆగాగు. నీ కార్డు మీద ఏ ఏడున్నది?”

“నా అద్దాలు కనవడ్తలేవు.”

“నేను చదివిన. నేను పుట్టిన రెండేండ్లకు. అందుకే సార్లందరి ముంగట గొప్పగ చెప్పిన, మా అమ్మ నన్ను కన్నంకనే బీడీ వట్టిందని.”

“మొగులైంది, బట్టలు తియ్యాలె...”

“తడువనియ్యి. అంతకుముందు కార్డు ఎవలిది?”

“మీ నాయినమ్మది.”

“చుట్టింది?”

“ఆమెకు అప్పటికే చేతులు వణికెటియి.”

“ఇటు చూడు. నేను కడుపుల ఉన్నప్పుడు చుట్టినవా?”

“నీకు తల నొస్తదా అప్పుడప్పుడు? ఏమన్న మర్చిపోతవా? నిజం చెప్పు బిడ్డా. ఇరవై ఎనిమిదేండ్ల సంది నీ తలకాయ దిక్కు చూస్తేనే నాకు బుగులు. నువ్వు ఫస్టొచ్చినా బుగులే.”

“నా తలకాయ మంచిగనే ఉన్నదమ్మా. ఏడువకు. నువ్వు చెప్పబట్టి నా పని బతికింది. కడుపుతోని బీడీలు చుట్టిన తల్లుల పట్టీల మొదటి పేరు నీదే రాస్తుంటి, ఏం లాభం? నెలలు నిండి పుట్టిన పిల్లలే కావాలె మాకు. నన్ను ఏడు నెలలకే కంటివి.”

“...రాసుకో.”

“ఎట్ల రాసుకుంట?”

“తొమ్మిది నిండి పది రోజులైనంక పుట్టినవ్ బిడ్డా. చాటల ఓ మూలకు వట్టెటంత చిన్నగ పుట్టినవ్. గింత చిన్నగెందుకున్నదని అడిగినోళ్లకు బీడీలు చుట్టిననని ఎట్ల చెప్పాలె? ఏడు నెలలకే పుట్టిందని చెప్పిన.”