ఎడమ పక్క మొక్కజొన్నలు

రేపు రండి టీచరుగారూ, రేపు రండి అంటావు. ఎన్ని రేపులు జహీర్? వంగిన ఫోర్కు సరిచేయడానికి ఇంత కాలం పట్టుద్దా? నిన్న ఆ పాలాయన సైకిలు నా కళ్లముందే బాగుచేసి పంపావు. నాది మాత్రం పెట్టిన గోడకే ఆని ఉంది, బెల్లుకి బూజు కూడా పట్టింది.

స్టూలు వద్దులే. కూర్చుంటే టీ తెప్పిస్తావు, టీ తాగితే నేను మెత్తబడతా.

మా అమర్నాథ్ ఫోన్ చేశాడు కదూ? తల దించుకుంటే కుదరదు, చెప్పు. అమ్మకి ఇవ్వొద్దు, పాత ఇనుము వాడొస్తే ఎత్తించెయ్ అన్నాడా?

అన్నాడన్నమాట. నాతో ఒక్క ముక్క అనలేదు. నీతో అన్నాడు.

సరే, నిదానంగా చెబుతా, విను. పైఊరికి ట్రాన్స్‌ఫరై బస్సు ఎక్కినప్పుడు మానేశా సైకిలు. పాతికేళ్ల మాట. రిటైరయ్యాక ఆ బస్సూ పోయింది. వీరరాఘవమ్మ టీచరు తెలుసుగా, నీకు లెక్కలు చెప్పింది? మోకాళ్లు పోయి రొంపిచర్లలో మంచం దిగలేకుండా ఉంది. ఆమెని చూసి రావాలంటే కొడుకు ఖాళీ చూసుకోవాలి, కోడలి మొహం చూసుకోవాలి. పోనీ బండెక్కించుకుని తీసుకుపోతాడా, దిగీ దిగకముందే "ఎంతసేపు పడుద్దమ్మా" అంటాడు. మేమిద్దరం ఇంకా బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటుంటాం, బయట హారన్.

అందుకే మళ్లీ మొదలెట్టా. తొందరపడలేదురా. ముందు పొద్దున్నే స్టేడియంలో తిప్పా. రెండు పాదాలూ నేలకి ఆనేట్టు సీటు దించుకున్నా. బ్రేకులు నువ్వే చూశావు. హెల్మెట్ కొన్నా. కుచ్చిళ్లు గొలుసులో పడతాయని పంజాబీ డ్రెస్సు కుట్టించుకున్నా. వీధిలో వాళ్లు నవ్వారు. అందరూ నా దగ్గర చదివినవాళ్లే గనక తలుపు చాటున నవ్వారు.

తర్వాత పడ్డా. రొంపిచర్ల రోడ్డులో సగందాకా మొక్కజొన్నలు ఆరబోసి అంచున రాళ్లు పెట్టారు. ఏటా చేసేదే. అందరూ కుడికి తప్పుకుని పోతున్నారు. నేను తిన్నగా గింజల మీదికి పోయా. చక్రం కింద గోళీల్లా దొర్లినయ్. ఆ గింజల తాలూకు మల్లీశ్వరి పరుగెత్తుకొచ్చి, ముందు గింజలు ఎగదోసుకుంది, తర్వాత నన్ను లేపింది. "ఏంది టీచరమ్మా, అంత రోడ్డుంటే నా గింజలే కనపడ్డాయా?" అంది.

"ఎడమ పక్కనే పోవాలని ఊరందరికీ నేర్పినదాన్ని, నేను కుడికి రానమ్మా" అన్నా.

ఆ మాట ఊరంతా పాకింది. మా అమర్నాథ్ అయితే మా అమ్మకి రూల్సు పిచ్చి అని తన పురుగుమందుల కొట్టుకి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతున్నాడంట.

నువ్వూ నవ్వుతున్నావా? నవ్వు.

ఆ పానా పక్కనబెట్టి ఇటు చూడు. రూలూ లేదు, పాడూ లేదు జహీర్. వెనక లారీ మోత వినపడింది. కుడికి తప్పుకోవాలంటే వెనక్కి చూడాలి. నా మెడ తిరగలా. తిప్పబోతే భుజం దాకా కూడా రాలా. లారీ ఎంత దూరంలో ఉందో తెలియలా. గింజలే నయమనుకుని వాటి మీదికి పోయా.

ఇంట్లో చెప్పలేదు. చెబితే సైకిలే కాదు, నన్ను ఒంటరిగా వీధి కూడా దాటనివ్వరు.

అద్దం బిగించు. కుడి హ్యాండిలుకి. స్కూటీదైనా ఫర్వాలేదు, పెద్దది చూడు. రోడ్డు ఎక్కే ముందు మళ్లీ స్టేడియంలోనే తిప్పుతా, అద్దంలో చూడటం అలవాటయ్యేదాకా. గింజలుంటే దిగి నడిపించుకుపోతా. ఇంకేం కావాలి నీకు?

అట్లా చూడకు. మళ్లీ పడతానేమో, కాదనను. ఏం చెయ్యమంటావు మరి? వీరరాఘవమ్మ లేచి రాలేదు.