మూడొందల పదిహేను కవర్లు

ఆదివారం మధ్యాహ్నం. బల్లమీద బావ తొమ్మిదేళ్లుగా ఏరికూర్చిన మూడొందల అరవై కార్డుల పెట్టె. ఆట రోజున ఎనిమిది మంది అందులోంచి తలా నలభై అయిదు ఎంచుకుని ఆడతారు. పక్కనే ఈ నెల వచ్చిన కొత్త కార్డులు. ఎదురుగా బావమరిది.

"అది కాదురా, పక్కన పెట్టు. చూడ్డానికి డాబేగానీ ఆటలో అక్కరకు రాదు."

"నాకు నచ్చింది బావా."

"నచ్చితే సరిపోదు. ఈ మంత్రగాడి కార్డు పెట్టు. బదులు ఎవర్ని తీస్తున్నాం?"

"ముసలి కాపలావాణ్ణి."

"వాడితోనే కదరా నీకు ఆట నేర్పాను!"

"అంచులు అరిగిపోయాయి బావా."

"సరే, తియ్. కార్డులకి తొడిగే కొత్త కవర్లు చూశావా? అడక్కుండానే మీ అక్క తెచ్చింది. పిచ్చిది, లెక్క తప్పింది. మూడొందల పదిహేనే ఉన్నాయి."

"ఊఁ."

"ఇప్పటికి ఎన్ని పెట్టాం?"

"పది."

"మరి తీసేసిన కట్ట అంత లావుందేం?"

"కొన్ని ఎవరూ తీసుకోవడం లేదు బావా."

"తీసుకోవడం తెలియక. పోయినసారి ఆటలో డాక్టరుగారు అగ్గిపక్షిని వదిలేశారు. తప్పు చేశారని అక్కడే చెప్పాను."

"మూడుసార్లు చెప్పావు."

"చెప్పకపోతే ఎలా నేర్చుకుంటారు?"

"ఆయనకి అరవయ్యేళ్లు బావా."

"అయితే? ఆ కట్ట ఇటివ్వు."

"ఎందుకులే, నేను చూసుకుంటా. నువ్వు కొత్తవి ఎంచు."

"ఇటివ్వమన్నానా... యాభై, యాభై అయిదు. పది పెట్టి యాభై అయిదు తీస్తావేంరా? మిగిలినవి ఏడుగురికే వస్తాయి. ఆమాత్రం గుణకారం రాదా?"

"వచ్చు బావా."

"వచ్చా? ఎవరు మానేస్తున్నారు? డాక్టరుగారు అలిగారా?"

"ఎవరూ మానెయ్యడం లేదు. టీ చల్లారిపోతోంది బావా."

"టీ సంగతి తర్వాత. ఎవర్రా మానేసే ఆ ఎనిమిదోవాడు?"

"నీతో ఆడితే పరీక్ష రాస్తున్నట్టుందంటున్నారు బావా."

"అంటున్నారు. ఎవరు?"

"పోయిన వారం డాక్టరుగారింట్లో కలిశాం."

"నాకు చెప్పలేదే."

"చెప్పలేదు. చేతులెత్తి తేల్చుకున్నాం."

"నువ్వెత్తావా?"

"బావా..."

"నిన్నే. కార్డు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాను నీకు. ఎత్తావా?"

"ఎత్తాను."

"ఎత్తి, ఇవాళ నా ఎదుట కూర్చుని, నాచేతే ఏరిస్తున్నావు."

"నీ అంత బాగా ఏరేవాళ్లు లేరు. అది మాత్రం అందరూ ఒప్పుకున్నారు."

"సంతోషం. వెన్నుపోటు పొడిచి, పైన మెచ్చుకోలు. ముక్కూమొహం తెలియనివాడు చేస్తే ఇంత బాధ ఉండేది కాదురా."

"పెట్టె మాత్రం ఇస్తావా బావా?"

"సిగ్గులేదూ అడగడానికి? ఉండు, మీ అక్కని పిలుస్తాను. తమ్ముడొస్తున్నాడు, ఇద్దరూ కూర్చుని ముగించండని పొద్దున్నుంచీ ఒకటే హడావిడి పడింది. ఈ సంగతి తెలిస్తే నిన్ను గుమ్మం తొక్కనిస్తుందా?"

"పిలవకు బావా."

"ఏం, భయమా?"

"అక్క లెక్క తప్పలేదు బావా. మూడొందల పదిహేను కవర్లు చాలు."