నలుగురి మేలు కోరే ధ్యానం

"ఫోను కట్టేయమంటే బల్ల మీద బోర్లా పెట్టావేం?"

"బోర్లా పెడితే కట్టేసినట్టే."

"కట్టేసినట్టు వేరు, కట్టేయడం వేరు. ధ్యానం మధ్యలో మోగితే?"

"మోగాలనే కదండీ పెట్టింది. ఆస్పత్రి వాళ్ళు సాయంత్రం లోపల జవాబు చెప్పమన్నారు. ఆ కొత్త ఊళ్ళో ఎక్స్‌రే విభాగమంతా నా చేతికిస్తామంటున్నారు. వెళ్తానో వెళ్ళనో చెప్పొద్దూ?"

"చెబుదువుగాని. ముందు ధ్యానం కానీ. మనసు నిమ్మళించాక తీరిగ్గా ఆలోచిద్దాం."

సెలవు రోజు మధ్యాహ్నం, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కారు నడపడం నేర్పే మాస్టారు సోఫాని గోడవారకి నెట్టి, నేల మీద దుప్పటి పరిచి, భార్యని ధ్యానానికి కూర్చోబెట్టే పనిలో ఉన్నాడు. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ధ్యానం ఇద్దరికీ కొత్తే.

"ఇదేమిటి, బుద్ధుడా? కారులోంచి పీక్కొచ్చారా?"

"జిగురు వదల్లేదు మహాతల్లీ. స్క్రూడ్రైవరు పెట్టి లేపాను. ఆ మొహం చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో."

"తల ఊపుతున్నాడు."

"స్ప్రింగు. గతుకుల్లో ఊగాలని పెట్టారు. కాసేపటికి తనే ఆగుతాడు."

"మీరేమన్నా సరే సరే అంటున్నాడు. అలాంటివాడు మీకు కారులో తప్ప ఇంకెక్కడ దొరుకుతాడు లెండి."

"నవ్వు, నవ్వు. నన్ను చూస్తే నాకే నవ్వొస్తోంది. పాతికేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని, కళ్ళు నెత్తికెక్కాయా అని కనబడ్డవాళ్ళందరి మీదా అరిచినవాణ్ణి, ఇప్పుడు దుప్పటి పరిచి బుద్ధుణ్ణి సర్దుతున్నా. అంతా మా భంతేగారి చలవ."

"ఏ భంతేగారు?"

"చెప్పలేదూ? నా దగ్గర కారు నేర్చుకుంటున్న బౌద్ధ భిక్షువు."

"ఎప్పుడు చెప్పారు?"

"ఏమో, చెప్పాననుకున్నా."

"పోనీలెండి."

"నడి కూడల్లో బండి ఆగిపోయింది. వెనక హారన్లకి చెవులు చిల్లులు పడుతున్నాయి. నేను జుట్టు పీక్కుంటున్నా. ఆయన మాత్రం 'వినబడుతోంది, వినబడనివ్వండి' అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దిగి బండి తోశాను."

"మీరా? తోశారా?"

"కాషాయం కట్టుకున్నాయన చేత తోయిస్తానా మరి? ఆయన నేర్పిందే ఇది. మైత్రీ ధ్యానం. ముందు కాసేపు ఊపిరి చూసుకోవాలి. తర్వాత నలుగురి మేలు కోరాలి. మొదటి చోట మనం. రెండో చోట మనకి ప్రాణమైనవాళ్ళు. మూడో చోట, ఉన్నా లేకపోయినా మనకి ఒకటే అనిపించేవాళ్ళు. ఆఖరి చోట మనకి గిట్టనివాళ్ళు. ఒక్కో చోట ఒక్కళ్ళే. గుంపు పనికిరాదు."

"ఆ మూడోవాళ్ళే అర్థం కాలేదు."

"రోజూ కనబడతారు. ప్రేమా ఉండదు, పగా ఉండదు. నేనైతే మెట్ల కింద ఇస్త్రీ చేసే అతన్ని పెట్టుకున్నా. రేపు అతని బదులు ఇంకొకడు వచ్చి నిలబడ్డా, నేను గమనించేసరికి వారం పడుతుంది."

"పాపం."

"పాపమనే కదా మేలు కోరేది."

"మరి మీకు గిట్టనివాళ్ళు?"

"లైసెన్సు పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు. నా శిష్యుల్నే ఏరి ఏరి తప్పిస్తాడు. మీ అక్కని పెట్టుకుందామా అనుకున్నా గానీ, మొదటి రోజే అంత బరువెందుకని..."

"మా అక్క జోలికొచ్చారంటే లేచి వంటింట్లోకి పోతా."

"రాలేదు, రాలేదు! కూర్చో తల్లీ. కళ్ళు మూసుకో. ఊపిరి పీల్చు... మెల్లగా... మెల్లగా... ఇప్పుడు వదులు. అబ్బ, అంత తొందరేం? ఇంకొంచెం నింపాదిగా..."

"ఊపిరి నాదండీ."

"నీదే. కాదన్నానా?"

"అదీ మీరే నడపాలా?"

"లేదు లేదు. చూస్తూ ఊరుకోవాలి, నడపకూడదు. భంతేగారు అదే చెప్పారు. ఇక నోరెత్తను."

"ఏమిటా చప్పుడు?"

"ఏం చప్పుడు?"

"నేను ఊపిరి తీసినప్పుడల్లా మీ కుడికాలు నేలని నొక్కుతోంది."

"బ్రేకు! కారులో నా వైపు కూడా ఒకటి ఉంటుంది కదా. పక్కన ఎవరు కదిలినా కాలు దానంతటదే పోతుంది. ఛీ, నా బతుకు చెడ! ధ్యానానికి కూర్చుని బ్రేకు తొక్కే మొనగాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటా. ఉండు, మఠం వేసుకుంటా, ఎలా తొక్కుతుందో చూస్తా. అమ్మో... మోకాలు, మోకాలు..."

"నెమ్మదండీ."

"కుదిరింది, కుదిరింది. నువ్వు కానీ. ఏమోయ్? ఏమోయ్! మొహం అలా కందిపోయిందేం? ఊపిరి తీస్తున్నావా లేదా?"

"హమ్మా... బిగబట్టాను."

"ఎందుకూ?"

"మీరేగా పీల్చమన్నారు. 'పీల్చండి, బిగబట్టండి, కదలకండి' అని రోజంతా నేను చెప్పేదే కదా. ఒకసారి పీల్చాక, ఇక వదలండి అని ఎవరో ఒకరు చెప్పాలి. ఈసారి ఎవరూ చెప్పలేదు."

"ఓరి దేవుడా! భంతేగారు వింటే సన్యాసం మానేసి లారీ తోలుకుంటాడు. సరే, ఇక వదులు."

"వదిలేశా లెండి. అయినా ఇప్పుడు ఇదంతా దేనికండీ?"

"ఇంట్లో ప్రశాంతత కోసం."

"ప్రశాంతంగానే ఉందిగా."

"ఉంది. ఉంటే మాత్రం, ఇంకాస్త ఉంటే చేదా?"

"మనం పోట్లాడుకుని ఎన్నాళ్ళయింది?"

"గుర్తే లేదు. చూశావా, ఎంత బాగున్నామో!"

"నేను వెళ్ళడం మీకిష్టం లేదా?"

"నేనేమన్నా అన్నానా? నీ ఉద్యోగం, నీ ఇష్టం. ఇదివరకటి మనిషిని కాను నేను."

"అవును. ఏమీ అనలేదు మీరు."

"పద, ఆ నలుగురి దగ్గరికి పోదాం. 'సుఖంగా ఉండాలి, భయం లేకుండా ఉండాలి' అని ఒక్కొక్కళ్ళనే తలుచుకుని మనసులో అనుకో. నేను మాట్లాడితే చెప్పుచ్చుకు కొట్టు."

ఇద్దరూ కళ్ళు మూసుకుని ఒక్కొక్కళ్ళనే తలుచుకున్నారు.

"అయిందా?"

"అయింది."

"నాకు మొదటి చోటే కుదర్లేదు. నా మేలు నేను కోరుకుందామంటే కళ్ళముందుకి నా లైసెన్సు ఫొటో వచ్చింది. ఆ దొంగమొహానికి సుఖం కోరడానికి మనసొప్పితేనా! రెండో చోటు మాత్రం చిటికెలో అయిపోయింది. నువ్వేగా. నీకెలా కుదిరింది?"

"బాగుందండీ, నిజంగా. అక్కని తలుచుకుంటే ఏడుపొచ్చింది."

"అక్కనా? రెండో చోటా?"

"అమ్మ పోయాక పెంచింది అక్కే కదా."

"అవునవును. పెంచింది. కాదనను. అక్క తర్వాత నేను."

"ఒక్కో చోట ఒక్కళ్ళేనన్నారుగా."

"అన్నాను, నా బుద్ధి గడ్డి తిని. అయితే నేనెక్కడ?"

"టీ పెట్టనా?"

"టీకేం తొందర? గిట్టనివాళ్ళలో పెట్టావా ఏమిటి? ఫరవాలేదు, చెప్పు. నేనేమీ అనుకోను. నువ్వు కూర్చుంటే ఒక బ్రేకు, నిలబడితే ఒక బ్రేకు వేసినవాణ్ణి. న్యాయంగా నాకు దక్కాల్సిన చోటే అది."

"అక్కడ మా పెద్ద డాక్టర్ని పెట్టా."

"హమ్మయ్య! బతికించావు. నేనే అనవసరంగా గుండెలు బాదుకున్నా. మరి... మరి నేను ఎక్కడా లేనా?"

"ఉన్నారు."

"ఎక్కడ?"

"కాళ్ళు చాపుకోండి, తిమ్మిరెక్కుతాయి."

"మూడో చోటా?"

"కావాలని పెట్టలేదండీ. రోజూ కనబడేవాళ్ళెవరా అని కళ్ళు మూసుకుంటే మీరే వచ్చారు. మంచే కోరుకున్నా. సుఖంగా ఉండాలనే అనుకున్నా."

"అదేమిటే? నామీద ఇంతెత్తున లేచేదానివి కదా! గిన్నెలు విసిరేదానివి. మీ అక్క ఇంటికి పోయి నేనొచ్చి బతిమాలేదాకా వచ్చేదానివి కాదు."

"అప్పుడు మీరంటే ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు. చాన్నాళ్ళయింది. మీరు అరవడం మానేశారు కాబట్టి పోట్లాటల్లేవని మీరనుకున్నారు. నేను వినడం మానేశాను."

"నేనింకా మారిపోయాననుకుంటున్నా..."

"మారారు. మంచివారయ్యారు. కోపం మిగిలుంటే పోట్లాడ్డానికైనా ఉండిపోయేదాన్నండీ."

"అయితే ఇంకోసారి కూర్చో. కూర్చోవే. ఆ డాక్టర్ని లేపేసి అక్కడ నన్ను పెట్టు. ఫోను మోగేలోపల ఎలాగోలా నా మీద కాస్త కోపం తెచ్చుకో, నీకు పుణ్యముంటుంది."