ఎర్రదారం మూటలు

"పెద్దమ్మా, సొరంగం దోవ బస్సెక్కితే హిందూపురానికి తొందరగా పోతాం కదా. నువ్వెందుకు పాత ఘాటు రోడ్డు బస్సుకే కాచుకుంటావు?" అనడిగినావు. మీ అమ్మ చెప్పలేదా? చెప్పి ఉండదులే. మా చెల్లెలు నా ముందర ఆ మాటే ఎత్తదు.

కూర్చో పాపా. బస్సుకింకా టైముండాది.

ఆ కొండ తొలిచేటప్పుడు నా కొడుకు సోము ఆడనే పని చేసినాడు. ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చుంటే వాళ్ల నాయన మాదిరి నడుము వంగిపోతాదని, ఆ పని వద్దన్నాడు. ఈడ మందు పేల్చినాక పైన వదులుగా ఉండే రాళ్లను పొడుగాటి గడ్డపారతో రాల్చేది వాని పని. నేను పెనుకొండ పక్కన వాళ్ల క్యాంపులో వంటకుంటి. లోపలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. రెండు పక్కలా తొలుచుకుంటా వచ్చి నడిమధ్యన కలిసేదాకా ఆడోళ్లు లోపల అడుగు పెట్టకూడదంట. అది వాళ్ల పద్ధతి. వాకిట్లో అమ్మవారి పటం పెట్టి టెంకాయ మాత్రం కొడతారు. ఆయమ్మా ఆడదే కదప్పా అని మేస్త్రీని ఎగతాళి చేసేదాన్ని. ఆయమ్మనూ బయటే పెట్టినాం కదక్కా, అనేవాడు. రొళ్ల పక్క మనిషి. సగం కన్నడం, సగం తెలుగు. మంచోడే.

ఏం చెప్తాండా... ఆ. ఒక పొద్దు పైకప్పు కూలింది. మా సోము, ఇంకా కొందరు అవతల చిక్కుకుపోయినారు. రాళ్లలో నుంచి సన్నని పైపు తోసినారు, గాలికి. తిండీ దాంట్లోనే. ముద్ద పోదు, అన్నం పోదు. బొరుగులు, పప్పులు, చెనిక్కాయ విత్తనాలు, చిన్న చిన్న మూటలు కట్టిస్తే గాలితో పంపేవాళ్లు. అందినాక లోపలోళ్లు రాయితో పైపు మీద కొడతారంట. ఆ చప్పుడు నేను వినలేదు. వాకిట్లో పొయ్యి పెట్టుకుని వేయించుకుంటా కూర్చున్నా. మేస్త్రీ వచ్చి చెప్తే వినేది, అంతే.

మా సోముకు చెనిక్కాయ పడదు. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందర మాట. కాయలు ఒలిచేకాడ మా అత్త ముద్దుకు పిడికెడు పెట్టింది. పెదవులు ఉబ్బి, ఊపిరాడక... మీ పెదనాయన సైకిలు మీద వేసుకుని పెనుకొండ ఆసుపత్రికి పరిగెత్తినాడు. దోవలో సైకిలు గాలి పోయి, ఎవరో పాలవ్యాను ఆపి... అదంతా ఎందుకులే. బతికినాడు. అప్పట్నుంచి వానికి చట్నీ గూడా పుట్నాల పప్పులతోనే. చెనిక్కాయ పండే సీమలో పుట్టి చెనిక్కాయ తినలేవు, నీకు పిల్లనెవరు ఇస్తారురా అని ఊరంతా ఎగతాళి చేసేవాళ్లు. నవ్వేవాడు.

అందుకని వాని మూట వేరేగా కట్టినా. బొరుగులు, బెల్లం, పైన ఎర్రదారం. ఇది మావానిది అని మేస్త్రీకి చెప్పినా. ఎందుకో చెప్పలేదు. అందుకుంటే వానికే తెలుస్తాది కదా.

బాగుండాడక్కా, మాట్లాడతాండాడు, అని వచ్చినప్పుడంతా చెప్పేవాడు. పైపు దగ్గర ఒక్క మాట మాట్లాడొస్తానంటే, పెద్దోళ్లు ఒప్పుకోరక్కా, పద్ధతి తెలుసు కదా, అన్నాడు. సరే అనుకున్నా. నేను పోతే కొండ ఇంకా కూలుతాదేమోనని నాకే భయం.

తర్వాత ఒక పొద్దు, నేను అడగకనే, నవ్వు తెచ్చిపెట్టుకుని వచ్చినాడు.

"నీ కొడుకు చెనిక్కాయలు శానా రుచిగా ఉండాయన్నాడక్కా. ఇంకా పంపమన్నాడు."

గరిటె తిప్పతానే ఉన్నా. నిలిపితే మాడిపోతాయి కదా.

ఆయప్ప మొగం చూస్తే ఆయప్పకూ అన్నం దిగినట్టు లేదు. లోపల మిగతావాళ్లుండారు. యాడ యాడనుంచో వచ్చినోళ్లు. బిడ్డలు చిక్కుకున్న సంగతి వాళ్ల అమ్మలకు తెలుసో లేదో. నేను పొయ్యి ఆర్పి ఏడుస్తా కూర్చుంటే... వేయించినా. ఎర్రదారం మూట గూడా కట్టినా, రోజూ. ఎందుకంటే ఏం చెప్పేది. కట్టకుండా ఉండలేకపోయినా.

కడకు తీసినారు. అందరూ నడిచే వచ్చినారు. వాన్ని మాత్రం దుప్పటి కప్పి మోసుకొచ్చినారు. కూలినప్పుడే పోయినాడంట. మేస్త్రీ నా కాళ్ల దగ్గర కూలబడినాడు. తెలుసులేప్పా, అన్నా.

లోపల ఉన్నోళ్లలో ఒడిశా ఆయన ఒకడు, గడ్డమాయన, తువాలులో ఏందో కట్టుకొచ్చి నా ముందర విప్పినాడు. ఎర్రదారం మూటలు. ఒక్కటి గూడా తెరవలేదు. పిడికెడు బొరుగులకు ఎదురుచూసే మనుషులు పాపా, వాళ్లు. వచ్చింది వచ్చినట్టు నా బిడ్డ తల దగ్గర పెట్టినారంట.

కొండ కలిసినాక మేస్త్రీ ఇంటికొచ్చినాడు. ఇంక ఆడోళ్లు రావచ్చు, నువ్వే మొదట రావాలక్కా, అని. పోలేదు. ఇప్పుడు నాకేం పని ఆడ.

అదో, నీ సొరంగం బస్సు. ఎక్కు. నేను ఘాటు మీద నిదానంగా వస్తా. లోపల లైట్లుండాయంట, భయం లేదంట. ఇదో, బొరుగులు, దోవలో తిను. చల్లగా ఉండు తల్లీ. అవతలికి పోయినాక ఒక ఫోన్ చెయ్యి. నీ నోటితో నువ్వే చెప్పు. ఇంకొకరితో చెప్పించొద్దు...