బిహి కాచిన మాచిపత్రి

బుధవారం సంతలో ఈదర్ టీ కొట్టు ముందు బిహి కాళ్లు చాపుకుని మొదలెట్టాడు.

"ఆ కరువేడు గుర్తుందా? రెండేళ్లు వాన చుక్క లేదు. కొండమీది ఊరి గాదెలో, ఇంటికో అర చొప్పున దాచుకున్న దాంట్లో, మిగిలింది విత్తనాల బార్లీ ఒక్కటే, దానికీ ముక్కుపురుగు పట్టింది. పురుగుమందు బిళ్లలు తెద్దామన్నారు. రేపు ఆకలేస్తే ఆ గింజలే కదర్రా తినేది, పిల్లల నోట్లో విషం పోస్తామా అన్నాను. కొండెక్కి మాచిపత్రి కోసి, దంచి, కాచి, వడగట్టి, ఒక కుండ బార్లీకి పట్టించి ఎండలో ఆరబెట్టా. మర్నాటికి పురుగులన్నీ వెల్లకిలా!"

"ఒక్క కుండేగా," అన్నాడు ఈదర్ పుదీనా టీ పోస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాదె గుమ్మంలో ఒక్క చుక్క చిలకరించానంతే, నూట ఇరవై అరల్లోంచీ పురుగులు దిగి బారులు తీరాయి. ముసలివి ముందు, బాలింతలు వెనక. మూడు రోజులు నడిచాయయ్యా, మేకలు దాటడానికి సందు లేదు!"

"ఎటు పోయాయి మావా?" అడిగాడు చుట్టూ చేరి వింటున్నవాళ్లలో ఒక కుర్రాడు.

"పక్క లోయకి. అక్కడి ఊరి పెద్ద పరిగెత్తుకొచ్చి కాళ్లమీద పడ్డాడు. జాలేసి, కషాయంలో గడ్డం తడిపి ఇలా ఊదాను. అగాదిర్ రేవు దాకా పురుగన్నది లేదు! ఇప్పటికీ నేను సంతకొస్తే బస్తాల్లో పురుగులు ఊపిరి బిగబడతాయి."

అందరూ పగలబడి నవ్వారు. గాదె తాళంచెవి చూసుకునే ఇజ్జా ముసలమ్మ మాత్రం నవ్వలేదు.

"ఒరే బిహీ, ఆ ఏడు నువ్వు కాసాబ్లాంకాలో సిమెంటు మోస్తున్నావు. ఆకు దంచింది నీ పెళ్లాం టూదా. అరచేతులు బొబ్బలెక్కినా మూడు వారాలు దంచింది. ఐదు అరల గింజలు దక్కాయి. వాటితోనే ఊరంతా విత్తాం."

బిహి చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"తెలుసత్తా. ఉత్తరం రాయించింది. ఆకులకి పురుగులు చస్తాయా అని నాతో గదిలో ఉండే కూలీలందరికీ చదివి వినిపించి నవ్వాను. పోయిన చలికాలం తను పోయేదాకా, బాగా చేశావే అని ఒక్కమాట అనలేదు. ఇప్పుడు ఐదు అరలంటే ఎవరు వింటారని..."

"మేం వింటాం. చెప్పు," అంది ఇజ్జా, పక్కన కాస్త చోటు చేసుకుని కూచుంటూ.

బిహి చాపిన కాళ్లు ముడుచుకున్నాడు.

"మొదటిసారి మరీ పల్చగా కాచిందట," అన్నాడు. "పురుగులు చావలేదు. కూచుని ఏడ్చి, మళ్లీ కొండెక్కిందట."